పేరు ఉంది, క్లాస్ లేదు: జావా వెబ్ అప్లికేషన్లలో ఒక దోషసందేశపు చరిత్ర – హైదరాబాదు నేపథ్యం

వ్యాససంగ్రహం

జావా భాషలో రాసిన వెబ్ అప్లికేషన్ సర్వర్‌పై నడుస్తూ ‘ఫలానా క్లాస్ దొరకలేదు’ అని ఆగిపోవడం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలలో చదువుకున్నవారికి బాగా పరిచితమైన అనుభవం. ఈ దోషాన్ని సాధారణంగా ఒక ఫైలు లేకపోవడంగానే అర్థం చేసుకుంటారు. పేరుకూ ఆ పేరు సూచించే వస్తువుకూ సంబంధం ఎప్పుడు, ఎవరి ద్వారా కుదరాలన్న ప్రశ్న నుంచి ఈ దోషం పుట్టిందనీ, ఆ ప్రశ్నకు జావా ఇచ్చిన సమాధానం కాలక్రమంలో పలుమార్లు మారిందనీ, అమీర్‌పేట తరగతి గదులలో స్థిరపడిన పరిష్కార పద్ధతి మాత్రం తొలి సమాధానం దగ్గరే నిలిచిపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జావా, క్లాస్‌పాత్, క్లాస్ లోడర్, టామ్‌క్యాట్, జకార్తా, కంచన్‌బాగ్, అమీర్‌పేట

1. ఉపోద్ఘాతం

పేరు మాత్రమే మిగిలిన గ్రంథాలు తెలుగు సాహిత్య పరిశోధకులకు కొత్త కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రకటించిన ‘ప్రబంధరత్నావళి’ అలాంటి కావ్యాల పద్యాలను ఎన్నింటినో ఒకచోట చేర్చింది. పద్యాన్ని ఉదాహరించిన ప్రాచీన సంకలనకర్త ముందు ఆ కావ్యం పూర్తిగా ఉండేది. ఈనాటి పాఠకుని ముందు అది లేదు. ఉదాహరించిన నాటికీ వెతికే నాటికీ మధ్య ఏం జరిగిందన్నదే లుప్తగ్రంథ పరిశోధనలో అసలు ప్రశ్న.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలోనూ సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. జావా భాషలో ప్రోగ్రాముకు మూలఘటకం ‘క్లాస్’. ఒక క్లాస్ తన పనికోసం మరికొన్ని క్లాసులను పేరుతో ప్రస్తావిస్తుంది. ప్రోగ్రామును కంపైల్ చేసిన నాడు, అంటే మనిషి రాసిన పాఠాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చిన నాడు, ప్రస్తావించిన క్లాసులన్నీ ఎదురుగా ఉంటాయి. నడిపే నాడు, చాలాసార్లు వేరే యంత్రంపైన, వాటిలో ఒకటి కనబడదు. ఆ క్షణంలో తెరపై పడే ఆంగ్ల వాక్యాన్ని చదవగలగడం, చదవలేకపోవడం అనే తేడా మీద హైదరాబాదులో వేలాది యువతీయువకుల తొలి ఉద్యోగ జీవితం నడిచింది. సాంకేతిక విషయంగా మాత్రమే చూస్తే ఈ సామాజిక పార్శ్వం కనబడదు. సామాజిక విషయంగా మాత్రమే చూస్తే దోషం ఎందుకు వస్తుందో తెలియదు. అందువల్ల రెండింటినీ కలిపి చూడవలసి ఉంది.

2. కంచన్‌బాగ్: ముందే కూర్చే సంప్రదాయం

హైదరాబాదు కంప్యూటర్ చరిత్రను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. ఆ ఆనవాయితీ సరైనది కాదు. ఈ నగరంలో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. పాతబస్తీకి ఆగ్నేయాన ఉన్న కంచన్‌బాగ్ మరో కేంద్రం. క్షిపణి పరిశోధన, లోహశాస్త్ర పరిశోధన జరిగే రక్షణ ప్రయోగశాలలు, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ అక్కడ ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. 1988లో ‘అనురాగ్’ అనే సంక్షిప్తనామంతో గణన పరిశోధనకే ప్రత్యేకించిన ప్రయోగశాల కూడా అక్కడే వచ్చింది. ఎగిరే వస్తువుల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడానికి ‘పేస్’ అనే సమాంతర కంప్యూటరును రూపొందించినది ఈ సంస్థే.

ఆ తరం శాస్త్రీయ గణనకు ప్రపంచమంతటా ఫోర్ట్రాన్, ఆ తర్వాత సి ప్రధాన భాషలు. ఈ భాషలలో ప్రోగ్రామును ముక్కలు ముక్కలుగా కంపైల్ చేసి, చివర ‘లింకర్’ అనే సాధనంతో ఒకే ఫైలుగా కూర్చుతారు. ఒక ముక్క ప్రస్తావించిన ఉపక్రమణిక మరే ముక్కలోనూ లేకపోతే లింకర్ అక్కడే ఆగి ఆ పేరు చెబుతుంది. ప్రోగ్రాము తయారే కాదు. కాబట్టి లోపం దానిని రాసినవారి బల్ల మీదే బయటపడుతుంది. నడుస్తున్నప్పుడు కలుపుకొనే లైబ్రరీలు యునిక్స్‌లోనూ విండోస్‌లోనూ అప్పటికే లేకపోలేదు. వాటి వల్ల వచ్చే చిక్కులూ ఉండేవి. అయినా ఆ భాషలలో శిక్షణ పొందినవారి మనసులో స్థిరపడిన క్రమం ఒకటే: ముందు అన్నీ కూడాలి, తర్వాత నడవాలి. పెళ్లికి సరంజామా అంతా విడిదికి చేరాకే ముహూర్తం పెట్టుకున్నట్టు.

జావా ఈ క్రమాన్ని తిరగేసింది.

3. అవసరమైనప్పుడే తెచ్చుకోవడం

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ బృందం రూపొందించిన జావాను 1995 మే 23న ప్రకటించారు. తొలి అధికారిక విడుదల 1996 జనవరిలో జరిగింది. అప్పట్లో జావాకు పేరు తెచ్చినవి ‘ఆప్లెట్లు’, అంటే వెబ్ పేజీతోపాటు దిగుమతై బ్రౌజరులో నడిచే చిన్న ప్రోగ్రాములు. ఆనాటి టెలిఫోన్ లైన్ల మీద మొత్తం ప్రోగ్రామును ఒకేసారి తెప్పించడం కష్టం. అందువల్ల ఏ క్లాస్ అవసరం ఎప్పుడు పడితే అప్పుడే దానిని వెతికి తెచ్చుకునే ఏర్పాటు చేశారు. ప్రోగ్రాము మొదలయ్యే సమయానికి దాని భాగాలన్నీ ఉండి తీరాలన్న నియమం లేదు. లింకర్ చేసే పని నడకలో కలిసిపోయింది.

ఈ నిర్ణయానికి చెల్లించిన మూల్యమే ఇక్కడి చర్చనీయాంశం. ఒక కళాశాల పరీక్ష రుసుము వసూలుకు వెబ్ అప్లికేషన్ పెట్టుకుందనుకుందాం. సర్వర్ సజావుగా మొదలవుతుంది. విద్యార్థులు లోపలికి ప్రవేశిస్తారు, వివరాలు నింపుతారు. రసీదును పీడీఎఫ్‌గా తయారుచేసే క్లాస్ ఒక్కటి సర్వర్ మీదికి చేరలేదు. ఆ సంగతి ప్రారంభంలో ఎవరికీ తెలియదు. మొదటి విద్యార్థి డబ్బు కట్టి రసీదు మీట నొక్కినప్పుడు తెలుస్తుంది. కంచన్‌బాగ్ తరం లింకర్ రాసినవాడికి చెప్పిన మాటను జావా వాడుకరికి చెబుతుంది.

ఆ మాట రెండు రూపాలలో వస్తుంది. ప్రోగ్రాము తానే ఒక క్లాస్ పేరును అక్షరమాలగా ఇచ్చి ‘దీన్ని తెచ్చిపెట్టు’ అని అడిగినప్పుడు దొరకకపోతే ‘క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్’ వస్తుంది. కంపైల్ అయిన క్లాసులోనే నిక్షిప్తమై ఉన్న ప్రస్తావనను తీర్చబోయి యంత్రం విఫలమైతే ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్’ వస్తుంది. మొదటిది అడిగిన వస్తువు లేదనడం. రెండోది ఒకప్పుడు చూసిన వస్తువు ఇప్పుడు లేదనడం. లుప్తగ్రంథాల పోలిక సరిగ్గా వర్తించేది రెండోదానికే. వెబ్ అప్లికేషన్‌లో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. సర్వ్‌లెట్ పేరును విన్యాసపత్రంలో, అంటే వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, అక్షరాలుగా రాస్తారు కాబట్టి ఆ సర్వ్‌లెట్టే లేకపోతే మొదటి దోషం వస్తుంది. సర్వ్‌లెట్ ఉండి అది వాడుకునే క్లాస్ లేకపోతే రెండోది వస్తుంది.

లిపి మీద ఆసక్తి ఉన్నవారు గమనించదగిన విశేషం ఒకటుంది. మొదటి సందేశంలో క్లాస్ పూర్తిపేరు చుక్కలతో విడదీసి ఉంటుంది. రెండోదానిలో తరచుగా చుక్కల స్థానంలో ఏటవాలు గీతలు ఉంటాయి. కంపైల్ అయిన ఫైలు లోపల పేర్లను ఏటవాలు గీతలతోనే భద్రపరుస్తారు. ఇది చారిత్రక కారణాల వల్ల వచ్చిన భేదమని జావా యంత్ర నిర్దేశగ్రంథమే ఒప్పుకుంటుంది. అంటే గీతలతో ఉన్న పేరు కంపైల్ చేసిన ప్రతి నుంచి నేరుగా ఎత్తిన పాఠం. చుక్కలతో ఉన్నది ప్రోగ్రాము పలికిన పాఠం. సందేశంలోని విరామచిహ్నాన్ని బట్టే సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చాలావరకు ఊహించవచ్చు.

మూడో రూపం ఒకటి ఉంది. ‘క్లాసును సిద్ధం చేయలేకపోయాను’ అని అర్థమిచ్చే సందేశం కూడా ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్’ పేరుతోనే వస్తుంది. ఇక్కడ క్లాస్ ఉంది, దొరికింది. దాని తొలి సన్నాహం ఒకసారి విఫలమైంది కాబట్టి యంత్రం ఇక దాన్ని ముట్టుకోదు. అసలు కారణం లాగ్ ఫైలులో ఎంతో పైన, మొదటి వైఫల్యం దగ్గర ఉంటుంది. చివరి సందేశాన్ని మాత్రమే చూసినవారు ఉన్న ఫైలు కోసమే పదేపదే వెతుకుతారు. ఈ దోషాల చరిత్రలో వృథా అయిన గంటలలో గణనీయమైన భాగం దీనికే చెందుతుందనడం అతిశయోక్తి కాదు.

4. అమీర్‌పేట: క్లాస్‌పాత్ పాఠం

జావా తొలి సమాధానం స్థలసంబంధమైనది. క్లాస్ ఎక్కడ ఉంది? ‘క్లాస్‌పాత్’ అనే జాబితాలో రాసిన ఫోల్డర్లలో, జార్ ఫైళ్లలో. జార్ అంటే అనేక క్లాసులను ఒకటిగా కట్టిన మూట. ఆ జాబితాలో లేనిది యంత్రం దృష్టిలో లోకంలోనే లేదు.

ఈ సమాధానాన్ని హైదరాబాదు నేర్చుకున్నది మూసీకి ఆవలి ఒడ్డున, అమీర్‌పేటలో. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలలో వెలసిన శిక్షణ కేంద్రాలకు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి పట్టభద్రులు తరలివచ్చారు. అమెరికా 2001 నుంచి 2003 వరకు ఆర్థిక సంవత్సరాలకు హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని 1,95,000కు పెంచడం ఈ వలసకు ఊతమిచ్చిన కారణాలలో ఒకటి. వందలమంది ఒకే గదిలో కూర్చుని వినే పాఠాలు, జిరాక్స్ దుకాణాలలో అమ్మే చేతిరాత నోట్సు, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో అద్దె గదులు ఆ చదువుకు ఆవరణం. పాఠ్యపుస్తకం ఆంగ్లంలో ఉన్నా బోధన తెలుగు క్రియలతో, ఆంగ్ల నామవాచకాలతో నడిచేది. దోషం రాగానే పక్కవాడు అడిగే మొదటి ప్రశ్న ‘క్లాస్‌పాత్ సెట్ చేశావా?’ అన్నదే. తెలుగు మాటలో ఇంతగా కలిసిపోయిన ఈ జ్ఞానం తెలుగు రాతలోకి రాకపోవడం మన సాంకేతిక వాఙ్మయంలో పెద్ద లోటు. విద్యార్థులు దాచుకున్న నోట్సు పుస్తకాలను చారిత్రకాధారాలుగా సేకరించే ప్రయత్నం జరగవలసి ఉంది.

ఆ పాఠంలో క్లాస్‌పాత్ అమరిక మొదటి మెట్టు. విండోస్ కమాండ్ తెరపై పాత విలువను నిలిపి, అర్ధవిరామం పెట్టి, ఒక చుక్క పెట్టి, మళ్లీ అర్ధవిరామం పెట్టి జార్ ఫైలు చిరునామా రాయాలి. ఆ చుక్కకు అర్థం ‘ప్రస్తుతం నిలబడి ఉన్న ఫోల్డరు’. చుక్క మరిచిపోతే కళ్లెదుటి ఫోల్డరులో ఉన్న క్లాస్ కూడా దొరకదు. లినక్స్‌లో అర్ధవిరామం స్థానంలో ద్విబిందువు వాడాలి. విండోస్‌లో ఫైలు పేరులో చిన్నబడి, పెద్దబడి అక్షరాల భేదం పట్టింపు లేదు, లినక్స్‌లో ఉంది. విండోస్‌పై నేర్చుకుని లినక్స్ సర్వర్‌పై ఉద్యోగం చేయవలసి వచ్చినవారిని ఈ చిన్న భేదాలే మొదట ఇబ్బంది పెట్టాయి.

అంతకంటే లోతైన ఇబ్బంది వేరే చోట ఉంది. సర్వ్‌లెట్‌కు సంబంధించిన మూల క్లాసులు జావాతోపాటు రావు. సర్వర్‌తో వస్తాయి. కాబట్టి సర్వ్‌లెట్‌ను కంపైల్ చేయడానికి ఆ జార్ ఫైలును క్లాస్‌పాత్‌లో చేర్చాలి. అమీర్‌పేట పాఠం ఇంతవరకు నూటికి నూరుపాళ్లు సరైనది. అయితే 2001లో వచ్చిన టామ్‌క్యాట్ 4 నుంచి ఆ సర్వర్‌ను ప్రారంభించే లిపులు వాడుకరి అమర్చుకున్న క్లాస్‌పాత్‌ను పూర్తిగా పక్కనపెట్టి సొంత జాబితాను తయారుచేసుకుంటాయి. కంపైలర్ చూసే జాబితా వేరు, సర్వర్ చూసే జాబితా వేరు. ఒరాకిల్ డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ జార్‌ను విద్యార్థి క్లాస్‌పాత్‌లో శ్రద్ధగా చేర్చుకుంటాడు. విడిగా నడిపిన ప్రోగ్రాము పనిచేస్తుంది. అదే కోడ్ సర్వ్‌లెట్‌లో పెడితే ‘క్లాస్ నాట్ ఫౌండ్’. అన్నీ సరిగ్గా చేసినవాడికే ఈ దోషం రావడం గమనార్హం. నేర్పిన విధి కంపైల్ సమయానికీ నడక సమయానికీ ఉన్న అంతరాన్ని పూడ్చలేదు, కప్పిపెట్టింది.

అంతరానికి అధికారిక పరిష్కారం అప్పటికే వచ్చి ఉంది. 1999 నాటి సర్వ్‌లెట్ 2.2 నిర్దేశం ‘వెబ్ అప్లికేషన్’ అనే భావనను ప్రవేశపెట్టి, ప్రతి అప్లికేషన్‌కూ ‘వెబ్-ఇన్ఫ్’ అనే సొంత ఫోల్డరును ఇచ్చింది. దానిలో ‘క్లాసెస్’ ఫోల్డరులో సొంత క్లాసులు, ‘లిబ్’ ఫోల్డరులో జార్ ఫైళ్లు. ఈ మొత్తాన్ని ‘వార్’ అనే ఒక్క ఫైలుగా కట్టి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. క్లాస్‌పాత్ యంత్రానికి చెందిన జాబితా అయితే ఇది అప్లికేషన్‌కు చెందిన జాబితా. శిక్షణ కేంద్రాలు దీన్ని నేర్పలేదని కాదు. నేర్పాయి. కానీ ‘ఆ జార్‌ను లిబ్‌లో కూడా వేసెయ్’ అన్న చిట్కాగా నేర్పాయి. ఎందుకు అన్నది మిగిలిపోయింది. రెండు దోషాల మధ్య తేడా ఏమిటన్నది ఉద్యోగ మౌఖిక పరీక్షలలో తప్పనిసరి ప్రశ్న అయింది కాబట్టి జవాబు కంఠస్థమయింది. కంఠస్థమైన జవాబు లాగ్ ఫైలు ముందు కూర్చున్నప్పుడు అక్కరకు రాలేదు.

5. ఎవరి రామాయణం?

‘రామాయణంలో ఉంది’ అని ఎవరైనా అంటే పరిశోధకుడు వెంటనే అడిగే ప్రశ్న ‘ఏ రామాయణం?’ రంగనాథ రామాయణమా, భాస్కర రామాయణమా, మొల్ల రామాయణమా? పేరు ఒకటే అయినా కర్త వేరైతే గ్రంథం వేరు. జావా ఈ సత్యాన్ని కొంత ఆలస్యంగా, కొంత బాధాకరంగా తెలుసుకుంది.

క్లాసులను వెతికి తెచ్చే భాగాన్ని ‘క్లాస్ లోడర్’ అంటారు. ఒకే ప్రోగ్రాములో ఇలాంటివి అనేకం ఉండవచ్చు. ఇద్దరు లోడర్లు ఒకే పేరుతో రెండు వేర్వేరు క్లాసులు తెస్తే జావా వాగ్దానం చేసిన రకభద్రత కూలిపోతుందని 1997లో అమెరికాలో పరిశోధిస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు విజయ్ సరస్వత్ నిరూపించాడు. 1998లో షెంగ్ లియాంగ్, గిలాద్ బ్రాచా తమ పరిశోధనపత్రంలో దీనికి శాస్త్రీయమైన పరిష్కారం ప్రకటించారు. క్లాస్ గుర్తింపు పేరుతో మాత్రమే కాక, పేరూ తెచ్చిన లోడరూ కలిసిన జంటతో ఏర్పడుతుందన్నది ఈ చర్చలో స్థిరపడిన సూత్రం. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన జావా 1.2 లోడర్లకు ఒక వంశవృక్షాన్ని ఏర్పరచింది. ప్రతి లోడర్ తాను వెతకడానికి ముందు తన పైవాడిని అడగాలి. పైవాడి దగ్గర లేకపోతేనే తన పెట్టె తెరవాలి.

ఉమ్మడి కుటుంబపు మర్యాద వంటి ఈ ఏర్పాటులో ఒక ఏకపాక్షికత ఉంది. పిల్లలు పెద్దలను అడగవచ్చు. పెద్దలు పిల్లల పెట్టెలోకి చూడలేరు. సర్వర్ అంతటికీ ఉమ్మడి అయిన ఫోల్డరులో ఒక ఫ్రేమ్‌వర్క్ జార్‌ను వేసి, అది పిలవవలసిన క్లాసులను అప్లికేషన్ సొంత ‘లిబ్’లో వేస్తే పై అంతస్తులోని ఫ్రేమ్‌వర్క్‌కు కింది అంతస్తు క్లాసులు కనబడవు. ఫైలు ఉంది, సరైన పేరుతోనే ఉంది, అయినా దొరకదు. క్లాస్‌పాత్ పాఠం మాత్రమే వచ్చినవాడు ఆ జార్‌ను మరిన్ని ఫోల్డర్లలో వేస్తూ పోతాడు. అప్పుడు ఒకే పేరుతో రెండు క్లాసులు తయారై, ఒక వస్తువును దాని సొంత పేరున్న రకంలోకే మార్చలేనంటూ యంత్రం మొరాయిస్తుంది. ఒక రోగానికి వేసిన మందు మరో రోగాన్ని తెచ్చింది.

వెబ్ సర్వర్లు ఈ మర్యాదను సగం తిరగేశాయి. 2001 నాటి సర్వ్‌లెట్ 2.3 నిర్దేశం అప్లికేషన్ తన సొంత జార్‌లను ముందు చూసుకోవచ్చునని సిఫారసు చేసింది. రెండు అప్లికేషన్లు ఒకే లైబ్రరీ రెండు ప్రతులను ఒకే సర్వర్‌పై వాడుకోవడానికి ఇది అవసరం. కానీ సర్వ్‌లెట్ మూల క్లాసులకు మాత్రం మినహాయింపు పెట్టారు. అవి సర్వర్‌వే కావాలి. విద్యార్థి జాగ్రత్తకోసం సర్వ్‌లెట్ జార్‌ను కూడా ‘లిబ్’లో పడేస్తే టామ్‌క్యాట్ దాన్ని తెరవకుండా పక్కనపెట్టి, నిర్దేశగ్రంథపు ఏ ప్రకరణాన్ని ఉల్లంఘించారో లాగ్‌లో రాసేది. దోషసందేశం శాస్త్రప్రమాణాన్ని అధ్యాయసంఖ్యతో సహా ఉదాహరించడం అరుదు. దాన్ని చదివినవారు అంతకంటే అరుదు.

6. పరంపరగా వచ్చే అవసరాలు

ఇంతవరకు ఒక జార్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లు వ్యాపించాక ఒక జార్‌కు మరో పది జార్‌లు అవసరమయ్యాయి. ఆ పదింటికి వాటి అవసరాలు వేరే. స్ప్రింగ్ జార్ వేసినవాడికి అతడు ఎన్నడూ వినని ‘కామన్స్ లాగింగ్’ క్లాస్ దొరకలేదన్న సందేశం వచ్చేది. తాను రాయని పేరు తన దోషంలోకి ఎలా వచ్చిందన్న విస్మయం ఆ తరం అభ్యాసకులలో సర్వసాధారణం.

2004లో తొలి పూర్తి విడుదలగా, 2005లో రెండో రూపంగా వచ్చిన ‘మావెన్’ ఈ పరంపరను తానే అనుసరించి కావలసినవన్నీ ఇంటర్నెట్‌లోని ఉమ్మడి భాండాగారం నుంచి తెస్తుంది. దీనితో జార్ లేకపోవడం తగ్గింది. తప్పు ప్రతి ఉండటం పెరిగింది. ఒకే లైబ్రరీ రెండు ప్రతులు పోటీపడినప్పుడు మావెన్ దగ్గరి దారిలో వచ్చినదాన్ని ఎంచుకుంటుంది. అది పాతదైతే కొత్త ప్రతిలోని క్లాస్ కనబడదు. ఇక్కడ వెతకవలసినది ఫోల్డరులో కాదు. అవసరాల వృక్షాన్ని ముద్రించి, ఏ కొమ్మ నుంచి ఏ ప్రతి వచ్చిందో చూడాలి. ప్రతుల సంఖ్యలను పోల్చి పాఠనిర్ణయం చేసే తాళపత్ర పరిష్కర్తల పనికి ఇది బాగా దగ్గర.

‘ప్రొవైడెడ్’ అనే గుర్తు మరో సూక్ష్మం. సర్వర్ సమకూరుస్తుందని మాటిచ్చిన జార్‌లను మావెన్ కంపైల్‌కు వాడుకుని, వార్ ఫైలులో చేర్చకుండా వదిలేస్తుంది. సర్వర్ ఆ మాట నిలబెట్టుకోకపోతే దోషం తప్పదు. కంపైల్ నాటికీ నడక నాటికీ ఉన్న అంతరం ఇక్కడ మొదటిసారి ఒక పేరు పెట్టుకుని బహిరంగంగా కనబడింది.

మావెన్ వల్ల ఇల్లు నిండినా బయటి ద్వారం మూసి ఉన్నచోట ఇల్లు ఖాళీయే. రక్షణ పరిశోధన వంటి రంగాలలో అంతర్గత జాలాన్ని ఇంటర్నెట్ నుంచి వేరుగా ఉంచడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. బ్యాంకులలోనూ ఇలాంటి ఏర్పాట్లు ఉంటాయి. అలాంటి చోట ఉమ్మడి భాండాగారానికి లోపలే ఒక నకలు నిర్వహించాలి. లేదంటే జార్‌లను చేతితో మోసుకురావాలి. చేతితో మోసినప్పుడు పేరు తెలిసినవి వస్తాయి, పరంపరగా అవసరమైనవి బయటే ఉండిపోతాయి. 1990ల చివరినాటి దోషమే 2020లలోనూ మళ్లీ కనబడటానికి ఇదొక కారణం. కంచన్‌బాగ్ తరహా మూసిన ప్రాంగణాలకు ‘అన్నీ కూడాకే నడక’ అన్న పాత క్రమశిక్షణ ఇప్పటికీ అక్కరకు వస్తుందన్న వాదనలో బలముంది.

7. పేరే మారినప్పుడు

2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి వచ్చింది. వెబ్ సంబంధమైన జావా నిర్దేశాలను ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ‘జావా’ అన్న పేరు మాత్రం అప్పగించలేదు. 2018లో కొత్త పేరు ‘జకార్తా ఈఈ’గా ఖరారైంది. టామ్‌క్యాట్ ఒకప్పుడు అపాచీ సంస్థలోని ‘జకార్తా’ ప్రాజెక్టు కింద పెరిగింది కాబట్టి ఈ పేరు పాతవారికి పరాయిది కాదు. క్లాసుల పూర్తిపేర్లకు ముందుండే ‘జావాఎక్స్’ అనే ఉపసర్గను కొత్త నిర్దేశాలలో మార్పులు చేస్తూ వాడుకోవడానికి ఒప్పందం కుదరలేదని 2019 మేలో తేలింది. 2020 చివర వెలువడిన జకార్తా ఈఈ 9 ఆ క్లాసులన్నిటి ఉపసర్గనూ ‘జకార్తా’గా మార్చేసింది. టామ్‌క్యాట్ 10 దాన్ని అనుసరించింది. 2022 నవంబరులో స్ప్రింగ్ 6 కూడా ఆ దారి పట్టింది.

సాంకేతికమైన మెరుగుదల కోసం కాక, వాణిజ్యచిహ్నం మీది హక్కుల వల్ల ఇన్ని వేల ప్రోగ్రాములలో పేర్లు మారడం భాషాచరిత్రకారులు గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం. టామ్‌క్యాట్ 9పై ఏళ్ల తరబడి నడిచిన వార్ ఫైలును ఒక్క అక్షరం మార్చకుండా 10పై పెడితే సర్వ్‌లెట్ మూల క్లాసే దొరకలేదని వస్తుంది. జార్ ఉంది, లోడర్ సరైనదే, ప్రతి కొత్తదే. పేరు మారింది, అంతే. క్లాస్‌పాత్ చిట్కా ప్రకారం పాత సర్వ్‌లెట్ జార్‌ను వెతికి ‘లిబ్’లో వేసినవారికి దోషం పోతుంది కానీ అప్లికేషన్ పనిచేయదు. పాతపేరుతో పుట్టిన సర్వ్‌లెట్‌ను కొత్త సర్వర్ తన సర్వ్‌లెట్‌గా గుర్తించదు.

గంపగుత్తగా ‘జావాఎక్స్’ను ‘జకార్తా’గా మార్చేసినవారు మరోవైపు పడ్డారు. డేటాబేస్ సంబంధాల ‘జావాఎక్స్ ఎస్‌క్యూఎల్’ వంటివి జావా మూలభాషకే చెందినవి కాబట్టి వాటి పేరు మారలేదు. వాటినీ మార్చితే లోకంలో ఎన్నడూ లేని క్లాస్ పేరు తయారవుతుంది. తత్సమాలకూ తద్భవాలకూ ఒకే సూత్రం వర్తింపజేసినవాడి పరిస్థితి ఇదే.

దీనికి కొంత ముందే మరో రకం లోపం వచ్చింది. ఎక్స్‌ఎంఎల్‌ను చదివే ‘జాక్స్‌బి’ క్లాసులు చాలాకాలం జావాతోనే వచ్చేవి. 2017 నాటి జావా 9లో వాటిని సాధారణంగా కనబడకుండా చేశారు. 2018 సెప్టెంబరులో జావా 11 నుంచి పూర్తిగా తొలగించారు. అప్పటివరకు ఆ క్లాసులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆలోచించే అవసరం ఎవరికీ కలగలేదు. ఇంటి పెరట్లో బావి ఉన్నవారికి నీళ్ల పన్ను గుర్తుకురాదు కదా. జావా 8 నుంచి 11కు మారిన సర్వర్లపై ఉన్నట్టుండి ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్’ వచ్చినప్పుడు పరిష్కారం సులువే: ఆ జార్‌ను ఇప్పుడు విడిగా చేర్చుకోవాలి. కష్టమైనది కారణాన్ని కనుక్కోవడం. స్టాక్ ట్రేస్‌ను పైనుంచి కాక, ‘కాజ్డ్ బై’ అన్న చివరి పంక్తి నుంచి వెనక్కి చదివినవారికి కారణం త్వరగా దొరికింది. క్లాసులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక్కొక్కటిగా ప్రకటించే యంత్రపు ఐచ్ఛికాన్ని తెరిచి చూసినవారికి సందేహమే మిగలలేదు. ఆ ఐచ్ఛికం జావా తొలినాళ్ల నుంచీ ఉంది.

8. తీసివేసిన క్లాస్

2021 డిసెంబరులో ‘లాగ్‌ఫోర్‌జే’ అనే లైబ్రరీలో ప్రమాదకరమైన భద్రతాలోపం బయటపడింది. లాగ్‌లో రాయించిన ఒక వాక్యం ద్వారా బయటివారు సర్వర్‌పై తమ కోడ్‌ను నడపగలిగేవారు. దారి సుదూర స్థలం నుంచి క్లాసును తెప్పించుకునే పాత సౌకర్యమే. ఆప్లెట్ల కాలంలో జావాకు కీర్తి తెచ్చిన లక్షణం పాతికేళ్ల తర్వాత దొంగదారిగా తిరిగివచ్చింది. కొత్త ప్రతికి వెంటనే మారలేని సంస్థలకు నిపుణులు సూచించిన తాత్కాలిక ఉపాయాలలో ఒకటి ఆ లైబ్రరీ జార్‌ను తెరిచి ‘జెండీ లుకప్’ అనే ఒకే ఒక్క క్లాసును తొలగించడం. ఆ క్లాస్ లేకపోయినా లైబ్రరీ కూలిపోదు. దాన్ని తెచ్చుకోవడంలో విఫలమైతే హెచ్చరిక ఒకటి రాసి ముందుకు సాగేలా దాని రచయితలు ముందే ఏర్పాటు చేసుకున్నారు.

క్లాస్ దొరకని సందేశాన్ని లాగ్‌లో చూసి అప్రమత్తమయ్యేందుకు శిక్షణ పొందినవారు ఆ డిసెంబరులో వేలాది సర్వర్లపై ఆ క్లాస్ నిజంగానే లేదని ధ్రువీకరించుకోవడానికి జార్ ఫైళ్ల జాబితాలను ఒక్కొక్కటిగా ముద్రించి చూశారు. వాడిన కమాండ్ వార్ ఫైలులో తప్పిపోయిన క్లాసును వెతకడానికి వాడేదే.